వంటింట్లో ప్రమాణం

తర్కం చదవడం మొదలుపెట్టిన వాడికి మొట్టమొదట ఎదురయ్యేది వంటిల్లు. కొండ మీద పొగ లేస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని నీకెలా తెలుసోయ్ అంటే, వంటింట్లో చూశాను కదండీ అని జవాబు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇచ్చిన ఉదాహరణ ఇదే. ఆయన 17వ శతాబ్దం మనిషి, తెలుగువాడేనని పండితుల మాట. అప్పట్నుంచీ కాశీలోనూ కోనసీమ అగ్రహారాల్లోనూ కుర్రాళ్లు అనుమాన ప్రమాణాన్ని, అంటే కనిపించేదాన్నిబట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే దారిని, పొయ్యి ఉదాహరణతోనే నేర్చుకున్నారు. ఆ పొయ్యి ఊదుతున్న ఆవిడకి మాత్రం ఆ పుస్తకం ఎవరూ చెప్పలేదు.

నాకు మా తాతగారు చెప్పారు. ఏరికోరి చెప్పారని కాదు. మా అన్నయ్య సైకిలేసుకుని రాజోలు సెంటర్‌కి పారిపోయేవాడు, అరుగు మీద మిగిలేది నేనే. ఆయనకి భోజనం దగ్గర కూడా శాస్త్రం వదిలేది కాదు. నాయనమ్మది మడి వంట. నైవేద్యం కాకుండా గరిటె చివరి చుక్క కూడా నాలిక్కి తగలనివ్వదు. "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని ఈయన. "సరిపోయిందండి" అని ఆవిడ. "ప్రమాణం?" "రోజూ వేసేదే వేశాను." "అది స్మృతి. స్మృతిని మావాళ్లు ప్రమాణంగా ఒప్పుకోరు." ఆవిడ ఇంకేమీ అనేది కాదు. ఈయన రెండోసారి కూడా పులుసు పోయించుకునేవారు.

ఆ ప్రశ్నని ఈమధ్య నేను వేరేచోట వేసుకుంటున్నాను. అచ్చులో వంట పేజీలు ఒక్కొక్కటే పోయాయి. వాటితోపాటు రుచులు కూడా పోయాయని బాధపడేవాళ్లున్నారు. నాకు ఆ బాధ లేదు. అంబాజీపేటలో పొట్టిక్కలు ఇవాళ్టికీ పనసాకు బుట్టల్లోనే ఉడుకుతున్నాయి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నాకు తేలనిది వేరే ఉంది. తెలియని వంట మొదటిసారి చేసే మనిషి ఎవరి మాట నమ్మి పొయ్యి వెలిగించాలి? ఎందుకు నమ్మాలి? వేదాన్ని ఎందుకు నమ్మాలని తార్కికులైన నైయాయికులూ, మీమాంసకులూ వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న కూడా మొదట్లో ఇదే.

మనకి వంట పత్రికంటే ముఖ్యంగా ఆడవాళ్ల పత్రికలోనో వారపత్రికలోనో ఒక పేజీ, మహా అయితే రెండు. హిందూసుందరి 1902లో, మద్రాసు నుంచి కేసరిగారి గృహలక్ష్మి 1928లో మొదలయ్యాయి. ఆడవాళ్లు తమ పేరుతో అచ్చులో మాట్లాడటం, దాన్ని ఇంకో ఊరి ఆడవాళ్లు చదవడం ఆ రోజుల్లో అలవాటైంది. మా అమ్మ కాలానికి ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం. ఆవిడ పుట్టింది నూజివీడు, కాపురం మద్రాసు. కోనసీమలో ఆవిణ్ణి చూసినవాళ్లు ఎందరుంటారో గానీ, "మాలతిగారు ఇలా చెప్పారు" అనని వీధి లేదు. వంటలు–పిండివంటలు పుస్తకమైతే ముద్రణ మీద ముద్రణ పడుతూ, కొత్త కాపురాల పెట్టెల్లో పట్టుచీరల పక్కన చేరింది. తరవాత వనితాజ్యోతి, స్వాతి, ఇంకా తరవాత ఈనాడులో వసుంధర పేజీ.

పత్రిక మా వైపు రావడమే ఒక ప్రయాణం. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. వరదొస్తే పంటు కట్టేసేవారు, ఆ వారం సీరియల్ అవతలి ఒడ్డునే ఉండిపోయేది. అమలాపురం గడియారస్తంభం దగ్గర కొట్లో కట్ట విప్పితే ఒక్క ప్రతి నాలుగైదు ఇళ్లు తిరిగేది. మా ఇంటిది ఆఖరి వంతు. అప్పటికే ఎవరో వంట కత్తిరించి పెట్టుకునేవారు. పేజీలో నలుచదరపు కిటికీ, ఆ కిటికీ వెనక సీరియల్ కథానాయకుడు సగం మాట మీద నోరు తెరుచుకుని. వాడు ఏం చెప్పబోయాడో ఆ ఇంటికి వెళ్లి అడగాలి. అడగడానికి వెళ్లి వంట కూడా రాసుకుని వచ్చేది మా అమ్మ.

ఇక తర్కం. శబ్దప్రమాణం అంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. విషయం తనకి తెలిసి ఉండాలి, తెలిసింది దాచకుండా చెప్పాలనే బుద్ధి కూడా ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా వాడి మాట చప్పుడే. మాట మాత్రం దానంతటది అర్థమిస్తుందా అంటే, దానికీ మూడు షరతులు పెట్టారు. ఒక పదం ఇంకో పదాన్ని కోరుకోవాలి, అది ఆకాంక్ష. చెప్పిన పని జరిగేదై ఉండాలి, అది యోగ్యత. నిప్పుతో తడుపు అంటే యోగ్యత లేదు. పదాలు ఒకదాని వెంట ఒకటి రావాలి, అది సన్నిధి. "ఆవుని" అని ఇప్పుడు చెప్పి, "తీసుకురా" అని జామాగి చెప్తే వినేవాడికి ఏ జ్ఞానమూ కలగదు.

వంట రాసే మనిషికి ఇంతకన్నా మంచి పాఠం నేను చూళ్లేదు. "పనసపొట్టు రెండు కప్పులు" అని మొదలుపెట్టిన వ్యాసానికి ఆకాంక్ష తీరదు. ఆ పొట్టు కొట్టిందెవరు? చేతికి నూనె రాసుకుని, లేత కాయని కత్తితో సన్నగా పొట్టు రాలేట్టు కొట్టడం బజారులో పనసకాయల మనిషికి కొన్నేళ్ల చదువు. పాత పేజీల్లో మంచి రచయిత్రులు ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా చెప్పేవారు. సన్నిధి సంగతి చెప్పనే అక్కర్లేదు. నూనె కాగిందని చెప్పి, పోపు వెయ్యమనేలోపు ఫోనులో ఒక సబ్బూ, ఒక బంగారం తాకట్టు వచ్చిపోతున్నాయి. అన్నంభట్టు జాము అన్నాడు. పోపు మాడడానికి అంత అక్కర్లేదు.

మా తాతగారి మాట ఒకటి నాకు చాలాకాలం కొరుకుడుపడలేదు. స్మృతి ప్రమాణం కాదంటే నాయనమ్మ చేతి వంటంతా అప్రమాణమేనా? ఏళ్ల తరబడి రోజూ సరిగ్గా కుదిరిన పులుసుకి శాస్త్రంలో చోటు లేదా? వంట పేజీలు తిరగేస్తుంటే దారి కనిపించింది. ఆవిడ గుర్తు ఆవిడకి స్మృతే. ఆ గుర్తుని ఆవిడ కొలతతో సహా చెప్పి, కింద పేరు పెట్టి, ఇంకో ఊరి పిల్లకి అందిస్తే, ఆ పిల్లకి అది శబ్దం అవుతుంది. ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరికి ప్రమాణంగా మార్చడం, నా లెక్కలో వారపత్రిక చేసిన అసలు పని అది. నాయనమ్మ మటుకు ఒక్క అక్షరం రాయలేదు. ఆవిడ పులుసు ఆవిడతోనే వెళ్లింది.

పత్రికలు ఎందుకు పోయాయో అందరికీ తెలిసిందే. పాఠకుడిచ్చే వెల కాగితానికే చాలదు, మిగతా బరువు ప్రకటనలు మోసేవి, అవి ఫోనులోకి వెళ్లిపోయాయి. 2016లో జియో వచ్చాక మా లంక గ్రామాల్లో కూడా వీడియో చవకైంది. 2020 లాక్‌డౌన్‌లో నవ్య వారపత్రిక ఆగింది, ఆంధ్రభూమి ఆగింది. మరుసటేడు చతుర, విపుల. ఆ రెండూ కథల పత్రికలే అనుకోండి, కానీ కట్ట ఒకటే. అమెరికాలో 1941 నుంచి నడిచిన గోర్మే అనే పేరుమోసిన వంటల పత్రికే 2009లో మూతపడింది, మనదెంత.

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి, సీమంతా ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు. ఇంటినుంచి ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టెక్కి, అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం కూర్చున్నారు. సరిగ్గా రోహిణి కార్తె. కాయ కోసి ఉంది, ఆవాలు ఎండి ఉన్నాయి. పక్కింటి కొత్త కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. పుట్టిల్లు విశాఖపట్నం. "పిన్నిగారూ, ఆవకాయ కొలత మీ దగ్గర కాగితం మీద ఏవన్నా ఉందాండి?" మీరెలా పెడతారండీ అని అడగలేదు చూడండి, కాగితం అడిగింది. నాకు ముచ్చటేసింది. మాటల ఫోనుకి అడ్డు లేదు కదమ్మా, మీ అమ్మనడగలేకపోయావా అన్నాను. "అడిగానండి. అమ్మ కూడా నాలుగేళ్లుగా వీడియో చూసే కలుపుతోందిటండి."

మా అమ్మ సూదీదారంతో కుట్టిన బొత్తి తీశాను. ఆవకాయ కాగితం ఏ పత్రికదో చెప్పలేను, పేరున్న అంచు కత్తెరకి పోయింది. సోలల్లో కొలతలు. ముక్కలు ఇన్ని, ఆవపిండి ఇంత, కారం ఇంత, ఉప్పు ఇంత, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోమని. పక్కన మా అమ్మ పెన్సిల్ రాత: "మన కారానికి ముప్పాతిక చాలు." దాని కింద వేరే చేతిరాత, ఎవరో పొరుగావిడది: "మాకు చాల్లేదు." ఆ పిల్ల ముందు అచ్చు చదివింది, తరవాత పెన్సిల్ చదివింది, కిందది చదివి నవ్వింది. ఎవరి మాట పాటించిందో నేను అడగలేదు. ఊరగాయ నిలవున్నదని మటుకు చెప్పింది.

కళ్లారా చూస్తున్నాం కాబట్టి వీడియోని ప్రత్యక్షం అనుకుంటున్నాం. అక్కడే ఉంది చిక్కంతా. ఇంద్రియానికీ వస్తువుకీ సంబంధం కలిగితే పుట్టేది ప్రత్యక్షం. ఆ పోపుతో నా ముక్కుకి సంబంధం లేదు, ఆ పులుసుతో నా నాలిక్కి లేదు. నా కంటికి సంబంధం ఉన్నది తెరతో. తెర మీద అవతలి మనిషి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసి "అబ్బా" అంటాడు. ఆ "అబ్బా" శబ్దమే, నేను నమ్ముతున్నది ఆ మాటనే. వారపత్రిక చదివేటప్పుడు ఒకరి మాట నమ్ముతున్నామన్న ఎరుక ఉండేది. వీడియోలో మనమే చూశామన్న ధీమా. ఆత్రేయపురం పూతరేకు తీయడం తెర మీద ఎన్నిసార్లయినా చూడొచ్చు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగు, రేకు లేచింది. ఎంత వేడి మీద గుడ్డ లాగాలో ఆవిడ చెయ్యికి తెలుసు. చూసిన నాకు తెలిసింది ఆవిడకి తెలుసన్న సంగతి మాత్రమే.

ఇంతవరకూ అచ్చు పక్షాన మాట్లాడాను. అవతలి పక్షం బలం కూడా తక్కువేం కాదు, తర్కశాస్త్రమే దానికి సాక్షి. ఆప్తుడి లక్షణం చెబుతూ, న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు, ఇది ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే అని స్పష్టంగా రాశాడు. తెలిసి, దాచకుండా చెప్పేవారెవరైనా ఆప్తులే. కులం అడగలేదు, చదువు అడగలేదు. మరి మన వంట పేజీ? మా బొత్తిలో చేపల పులుసు కాగితం ఒక్కటీ లేదు, అది మా ఇంటి సంగతి. కానీ లంకల్లో కూలికి వెళ్లే ఆవిడ ఎండురొయ్యలు ఎలా వండుకుంటుందో ఏ పత్రికైనా ఆవిణ్ణే అడిగి, ఆవిడ పేరు పెట్టి వేసినట్టు నాకు గుర్తులేదు. పులస గురించి రాసినా వండే ఇంటి మాట కన్నా తిన్న పెద్దమనిషి మాటే ఎక్కువ. ఉత్తరం రాయగలిగిన వాళ్లకే ఆప్తత్వం దక్కింది. వేదం వినే హక్కు విషయంలో జరిగిన అన్యాయం చిన్న ఎత్తున వంటింట్లో కూడా జరిగిందన్నమాట.

తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మగారు నూరేళ్లు దాటిన వయసులో, పొలంలో మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని పుచ్చకాయ డొప్పలో కోడి వండితే దేశదేశాల వాళ్లు చూశారు. కంట్రీ ఫుడ్స్ అని ఆవిడ మునిమనవడు పెట్టిన చానల్. 2018 డిసెంబరులో ఆవిడ పోయారు. వంట పేజీకి ఉత్తరం రాసి ఎదురుచూసే మనిషి కాదావిడ. వారపత్రిక పుట్టినప్పట్నుంచీ నిలబెట్టుకోలేని వాత్స్యాయనుడి మాటని ఫోను నిలబెట్టింది. ఈ ఒక్క చోట మాత్రం అచ్చు తరఫున చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అసలు రుచికి ప్రమాణం వెతకడమే కాస్త కడుపు నిండినవాళ్ల పని. తైత్తిరీయంలో భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. తండ్రి మళ్లీ పంపిస్తాడు, ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్తాడు. కథ అక్కడ ఆగాలి కదా? ఆగదు. ఆనందం అందాక ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే దిగొచ్చి, దాన్ని తక్కువ చెయ్యొద్దని, బోలెడంత పండించమని, వచ్చినవాణ్ణి పొమ్మనొద్దని చెబుతుంది. ఉప్పెంతో చెప్పదు. మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ వచ్చిన వాళ్లకైనా ఆకు వేశారు. గోదావరి దాటివచ్చే బాటసారులకి ఆ ఇల్లు గుర్తు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం నాటికి ఆ పేరు ఇంగ్లండు దాకా వెళ్లింది. ఇవాళ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నారు. ఆవిడ పప్పులో ఇంగువ వేశారో లేదో చెప్పే కాగితం నా కంటపడలేదు. ఎవరైనా అడిగి ఉంటారని కూడా అనుకోను.

అయినా నేను అడుగుతూనే ఉంటాను, అది మా తాతగారి జబ్బు. తద్దినం రోజు వంటలో కూడా ఎవరూ రుచి చూడరు. మిరపకాయ బదులు మిరియం, కొన్ని కూరలకి ఆ రోజు గుమ్మంలోకే ప్రవేశం లేదు, చేసేది రోజూ చేసే పద్ధతి కాదు. అంత కష్టపడి చూడకుండా వండిన వంట ఎలా ఉందో వండినావిడకి తెలిసేది ఒక్క దారిలోనే. భోక్తల్ని కర్త అడుగుతాడు, తృప్తి అయిందా అని. అయిందంటారు వాళ్లు. కాలేదన్న భోక్త మా సీమలో ఇంకా పుట్టలేదు. కానీ అడగడం మాత్రం తప్పదు, మంత్రంలో ఆ ప్రశ్నకి చోటుంది. వారపత్రికకీ ఆ చోటుండేది. మీరు చెప్పినట్టు మైసూరుపాకు చేస్తే రాయయిందండీ అని ఉత్తరాలు వచ్చేవి, వాటిలో కొన్ని అచ్చయ్యేవి, జవాబు కూడా అచ్చయ్యేది.

ఇప్పుడు ఫోనుని అడిగితే ఎవరి పేరూ లేకుండా కొలతలు చెబుతోంది. వీడియోలో కనీసం ఒక మొహం ఉండేది. మీమాంసకులు దీన్ని చూస్తే ఏమంటారా అని నవ్వుకున్నాను. మాటలో దోషం వక్త వల్ల వస్తుంది, వేదానికి వక్తే లేడు, కనక దోషం లేదు, అని కదా వాళ్ల వాదం. అపౌరుషేయ ఆవకాయ! కానీ ఫోను చెప్పేది పురుషులు చెప్పనిది కాదు, చాలామంది చెప్పింది కలిపి పేర్లు కడిగేసింది. ఎవరి తప్పు ఎవరి ఒప్పుతో కలిసిందో పట్టుకోవడానికి దారం లేదు. నైయాయికులు వేదాన్ని కూడా ఈశ్వరుడనే ఆప్తుడి మాటగానే ఒప్పుకున్నారు, వక్త లేని మాట వాళ్లకి పనికిరాదు. ఈ విషయంలో నేను మా తాతగారి మనవరాల్నే.

కాబట్టి ఈ మధ్య నాకు తెలిసిన వంటలు కొన్ని కాగితం మీద రాసి, కింద నా పేరూ ఫోన్ నంబరూ పెట్టి, అడిగినవాళ్లకి పంపుతున్నాను. మా అన్నయ్య కూతురు డాలస్‌లో ఉంటుంది. పనసపొట్టు కూర రాయమంది. అక్కడ పచ్చి పనస డబ్బాల్లో దొరుకుతుందిట. కొట్టనక్కర్లేదు, నీళ్లు పిండేస్తే చాలు. ఆ తేడా కూడా రాశాను. మొన్న ఫోన్ చేసింది.

"అత్తా, కూర చేదొచ్చేసింది."

"ఆవ ఎప్పుడు కలిపావే?"

"పొయ్యి మీదుండగానే. వీడియోలో అలాగే కలిపాడు."

"నా కాగితంలో ఏముంది?"

కాసేపు కాగితాల చప్పుడు. "దించి, చల్లారాక కలపమని ఉంది. అయినా అత్తా, అంత చిన్న అక్షరాలతో రాస్తే ఎలా?"